నాన్న కారులో చప్పుడు

నాన్న పోయిన మూడు నెలలకు గాని నేను ఆ కారు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ చచ్చిపోయింది.

నాన్న బళ్లో డ్రాయింగు మాస్టారు. మీగడ రంగు కారు నాకంటే నాలుగేళ్లు ముందు మా ఇంటికొచ్చింది. అందుకని దాన్ని ‘మీ అక్క’ అనేవాడు. ఆదివారం పొద్దున్నే “మీ అక్కకు స్నానం చేయించొస్తా” అంటూ బకెట్టు పట్టుకుని వెళ్లేవాడు. పాత బనీను గుడ్డతో బంపర్లు ఎంతసేపు తుడిచేవాడంటే, తిన్నావా అని అడగడానికి అమ్మ రెండుసార్లు బయటికి రావలసి వచ్చేది. అమ్మ పోయాక మేమిద్దరమే మిగిలాం. నాకు డ్రైవింగు వచ్చినా, ఆ స్టీరింగు నా చేతికి ఇవ్వలేదు.

నాన్న స్నేహితుడు మెకానిక్ బాబాయికి ఫోన్ చేశాను. స్కూటరు మీద కాళ్ల దగ్గర కొత్త బ్యాటరీ పెట్టుకుని వచ్చాడు. పావుగంటలో ఇంజను గుర్రుమంది. పైవాటా ఆవిడ చేతిలో తడిబట్టతోనే బాల్కనీలోకి పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి, “నువ్వా అమ్మా...” అని ఆగిపోయి, మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

“బాబాయ్, మరి ఆ చప్పుడు పోయిందా?” అన్నాను.

“ఏం చప్పుడు?”

“ముందు చక్రం దగ్గర కటకటమంటోందనేవాడుగా నాన్న. గురువారం గురువారం మీ షెడ్డుకే తెచ్చేవాడు.”

బాబాయి చేతులు తుడుచుకుని బానెట్ మూశాడు.

“చప్పుడూ లేదు గిప్పుడూ లేదు తల్లీ. బండి నిక్షేపంలా ఉంది. మాస్టారు వచ్చేవాడు, నేను బానెట్ ఎత్తేవాణ్ణి. రెండు స్టూళ్లేసుకుని చీకటిపడేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లం. అయిదేళ్లపాటు అదే తంతు.”

“ఊరికే కబుర్లకి వెళ్తున్నానని నాతో చెప్పొచ్చుగా!”

“ఇంట్లో తోచడం లేదంటే నువ్వు బాధపడతావని. మొహమాటం మనిషి.”

“ఏం మాట్లాడేవాడు?”

“ఎక్కువగా నీ సంగతే. ‘మా పిల్ల చేసిన కట్టుడు పళ్లు చూస్తే, ఉన్న పళ్లు పీకించుకోవాలనిపిస్తుందోయ్’ అనేవాడు.”

నవ్వొచ్చింది. నేను చేసే పని గురించి ఇంట్లో ఒక్క ముక్క అనలేదు నాన్న. కట్టుడు పళ్ల ల్యాబులో పొద్దస్తమానం మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు అమర్చి, అలిసిపోయి వచ్చేదాన్ని. గురువారాలు నాన్న వంటగది గుమ్మంలో నిలబడి, “ఇవాళ కూడా ఆ చప్పుడు వచ్చింది. నీకెప్పుడైనా వినిపించిందా?” అనేవాడు. నేను వెనక్కి తిరక్కుండానే “లేదు నాన్నా” అనేదాన్ని. ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. ముసలాయనకు కారు పిచ్చి అనుకున్నాను. ఎలాంటి చప్పుడు నాన్నా అని ఒక్కసారి అడిగి ఉంటే, ఆ గుమ్మంలో నుంచి లోపలికి వచ్చేవాడేమో.

“ఎక్కు, నువ్వే నడుపు. నేను పక్కన కూచుంటా,” అన్నాడు బాబాయి.

గేరు మొరాయించింది, కూడలి దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. “కంగారుపడకు. మీ నాన్న మొదట్లో గోడకే గుద్దాడు,” అన్నాడు. అదీ నాకు తెలియదు.

సోమవారం కారులోనే పనికి వెళ్లాను. ల్యాబులో పళ్ల అచ్చులు పోసే ఆయన నా పక్క బల్ల మీదే పనిచేస్తాడు. తొమ్మిదేళ్లుగా మా మధ్య ‘ఆ కత్తి ఇటివ్వండి’ తప్ప వేరే మాట లేదు. ఆయన మధ్యాహ్నం కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, “ఎవరిదండీ?” అన్నాడు.

“మా నాన్నది.”

“ఆయన ఏం చేస్తుంటారు?”

నాన్న గురించి చెప్పడం మొదలుపెట్టాను. అన్నం డబ్బాలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. గోడకు గుద్దిన సంగతి చెప్తే ఆయన పగలబడి నవ్వాడు. అంతసేపు ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం ఇంటి తాళం తీస్తూనే, “నాన్నా, ఇవాళ ఏమైందో తెలుసా?” అన్నాను.

మూడు గదుల్లో ఎక్కడా అలికిడి లేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత లైటు వేసి, కుర్చీలో కూర్చుని, మిగతాదంతా పైకే చెప్పాను.