ఏడో ప్రశ్నకు జవాబు

కోట ఊరికి ఇవతల, రొయ్యల గుంటల నడుమ ఉన్న ట్రస్టు ఆసుపత్రిలో వనజాక్షి పంతొమ్మిదేళ్లుగా రికార్డుల ఆఫీసరు. అక్కడ పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పాము కరిచి బతికి బయటపడినవాళ్లు అందరూ ఆమె గదిలోని బీరువాల్లో ఉన్నారు. ఏడేళ్ల కిందట రికార్డుల నిర్వహణలో ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టే పరీక్షలన్నీ రాసి గట్టెక్కింది. చుట్టుపక్కల ఆ సర్టిఫికెట్టు ఉన్న మనిషి ఆమెకు తెలిసి మరొకరు లేరు. అప్పట్నుంచి సంతకం కింద, పేరు వెనక, మూడు అక్షరాలు రాసుకుంటూ వస్తోంది. రాసిన ప్రతిసారీ కాస్త నిటారుగా కూర్చునేది.

ఆగస్టులో ఆసుపత్రి తనిఖీకి అబిగయీలు అనే ఆవిడ వచ్చింది. సిబ్బంది అర్హతలు ఒక్కొక్కటే కంప్యూటర్లో సరిచూస్తూ వనజాక్షి దగ్గర ఆగిపోయింది.

"మేడమ్, ఆ సంస్థ జాబితాలో మీ పేరు కనపడటం లేదే."

"స్పెల్లింగు మార్చి చూడండి" అంది వనజాక్షి.

మార్చి చూశారు. ఇంటిపేరుతో చూశారు. చివరికి పేరు దొరికింది గానీ వేరే జాబితాలో. గడువు తీరిపోయినవాళ్ల జాబితా అది. తీరిపోయి రెండేళ్లు దాటింది. అబిగయీలు కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతి పేరుకు వెళ్లింది.

ఆ సర్టిఫికెట్టు ఒకసారి వస్తే చచ్చేదాకా ఉండేది కాదు. ఐదేళ్లకోసారి వంద గంటల చదువు చూపించి నిలబెట్టుకోవాలి. వనజాక్షి అరవై రెండు గంటలు చూపించింది. మిగిలినవి చూపించాల్సిన ఏడాదే తుపాను నీళ్లు కింది అంతస్తులోకి నడుములోతున వచ్చాయి. జనన రిజిస్టర్లు మూడు రోజులు బురదనీళ్లలో నానాయి. ఎనిమిది నెలల పాటు ఆమె ఒక్కొక్క ఆకూ విడదీసి, మధ్యలో తెల్లకాగితాలు పెట్టి, ఫ్యాన్ల కింద ఆరబెట్టింది. మూడొందల పైచిలుకు రిజిస్టర్లు దక్కాయి. పద్నాలుగు మట్టిముద్దలయ్యాయి. సంస్థ పంపిన హెచ్చరికలన్నీ ఆ నీళ్లతోనే మూలపడ్డ ఆసుపత్రి పాత మెయిలుకు వెళ్లాయి.

అయినా అనుమానం రాలేదని ఆమె ప్రమాణం చేయలేదు. గడువు ఎప్పుడో ఆమెకు తెలుసు. రెండు మూడుసార్లు వెబ్‌సైటు తెరవబోయి, పని ఉందని మూసేసింది. ఏం కనపడుతుందోనన్న భయం ఆ పని కన్నా పెద్దదని ఆమెకు అప్పుడూ తెలుసు.

మూడేళ్లు దాటకుండా అడిగితే పోయిన సర్టిఫికెట్టును తిరిగి ఇస్తారు. తగ్గిన ముప్పై ఎనిమిది గంటలూ ఆన్‌లైన్ క్లాసులతో నెలన్నరలో పూర్తిచేసింది. దరఖాస్తు నింపడం మొదలుపెట్టి ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

'గడువు తీరిన తర్వాత ఈ హోదాను ఎక్కడైనా వాడారా?'

జారీ పుస్తకం తీసి చూసుకుంది. ఆ రెండేళ్లలో పుట్టినతేదీ ధ్రువీకరిస్తూ ఇచ్చిన నకళ్లు నలభై ఒకటి. అన్నిటి మీదా ఆ మూడు అక్షరాలు ఉన్నాయి.

సూపరింటెండెంటు డాక్టర్ బెన్హర్ గారు మొత్తం విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"లేదని రాసెయ్యమ్మా. వాళ్లెక్కడ, మనమెక్కడ? ఎవరొచ్చి చూస్తారు?"

"చూడరు సార్."

"మరి? నకళ్లలో తప్పేమైనా ఉందా?"

"లేదు సార్. రిజిస్టర్లో ఏముందో అదే ఇచ్చినా. నాకు లేని హోదాతో ఇచ్చినా, అంతే."

"అవునని రాస్తే నలభై ఒక్క ఇళ్లల్లో గొడవ మొదలవుతుంది. అది ఆలోచించావా?"

ఆమె ఆలోచించింది. మూడు రోజులుగా ఆలోచిస్తున్నది అదే. లేదని రాస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ రేపు ఎవరైనా కోర్టులో ఆ నకలు పట్టుకుని 'ఇది ఇచ్చినామె హోదా అబద్ధం' అంటే, కాగితంలోని నిజం తేదీ కూడా అబద్ధమైపోతుంది. బురదలోంచి తీసిన పేర్లవి. తన పేరుకున్న మచ్చ వాటికి అంటడం ఆమెకు మింగుడు పడలేదు.

ఏడో ప్రశ్నకు అవునని, గడువు ఎప్పుడో తనకు తెలుసనీ రాసింది. నలభై ఒక్క నకళ్ల నంబర్లూ జతచేసి పంపింది. నకళ్లు తీసుకున్న వాళ్లందరికీ, పాతది తెచ్చిస్తే రికార్డుల ఆఫీసరు హోదాతో కొత్తది ఇస్తానని ఉత్తరాలు రాసింది. చాలామంది పని ఎప్పుడో అయిపోయింది. ఒక్క కాగితం మాత్రం ఇంకా ఆర్డీవో ఆఫీసులో నడుస్తోంది. దానికి ఉత్తరం చాలదనిపించి తనే బయల్దేరింది.

మాలకొండమ్మ ఇల్లు సముద్రం పక్క పాలెంలో ఉంది. ఆమె వాకిట్లో చేపలు ఎండబోసుకుంటోంది. కూతురు ఉషకు మత్స్యశాఖలో ఉద్యోగం వచ్చింది. ఆధార్‌లో పుట్టినతేదీ ఏడాదిన్నర తేడాగా ఉండటంతో, అది సరిచేయడానికి జనన ధ్రువపత్రం కావాల్సి వచ్చింది. పుట్టినప్పుడు పంచాయతీలో ఎవరూ నమోదు చేయించలేదు, ఇప్పుడు చేయించాలంటే ఆర్డీవోకు పుట్టుక ఆధారం చూపించాలి. అందుకే ఆసుపత్రి నకలు.

వనజాక్షి చెప్పడం అయిపోయేసరికి ఉష ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడొచ్చి చెప్తే ఎట్టక్కా? ఇరవై ఏడో తారీకు నాకు సర్టిఫికెట్ల పరిశీలన. ఇంకా పదకొండు రోజులే ఉండాది. మీరు నోరు మూసుకోనుంటే నా పని అయిపోయుండేది."

"అయిపోయుండేదేమో."

"మరెందుకొచ్చినారు? మీ మనసు కుదుటపడడానికా?"

ఆ మాటలో కొంత నిజం ఉంది.

మాలకొండమ్మ చేతులు దులుపుకుని లేచింది. "మేయ్, ఆగు. అమ్మా, ఆ పుస్తకంలో నా బిడ్డ పుట్టిన తారీకు మారిందా?"

"మారలేదమ్మా."

"పుస్తకం ఉండాదా?"

"ఉంది. రేపు నేనే తీసుకొని ఆఫీసుకు వస్తా. మీరూ రండి."

రిజిస్టరు గడప దాటడానికి బెన్హర్ గారి రాతపూర్వక అనుమతి కావాలి. ఆయన విసుక్కుంటూనే సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున ముగ్గురూ బస్సెక్కారు. గుడ్డలో చుట్టిన రిజిస్టరునూ, దానికి తోడుగా నర్సుల డ్యూటీ పుస్తకాన్నీ వనజాక్షి ఒళ్లో పెట్టుకుంది. ఉష కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఆర్డీవో ఆఫీసులో ఆ ఫైలు చూసే గుమాస్తా కామాక్షయ్య. వనజాక్షి ఇచ్చిన లేఖ చదివి తల పట్టుకున్నాడు.

"మాకు కావాల్సింది ఆసుపత్రి ముద్ర మేడమ్. మీ పేరు వెనక ఏముందో మేం చూడనే చూడం. కానీ మీరు రాసిచ్చినాక చూడకుండా ఉండలేం. ఫైలు మళ్లీ మొదటికి పోవాలి."

ఉష లేచి బయటికి వెళ్లిపోయింది.

"మొదటికి పోయినా, చూసి సరిపోల్చే పని ఈరోజే చేయొచ్చు గదన్నా" అని వనజాక్షి రిజిస్టరు విప్పింది. ఆకులు అలలు తేలి ఉన్నాయి, అంచుల్లో బురద చార. ఆ పుట మధ్యలో సిరా పాకి, తేదీలో ఒక అంకె మసకబారింది. కామాక్షయ్య వంగి చూసి, "ఇది మూడా, ఎనిమిదా?" అన్నాడు.

ఆమె తొందరపడలేదు. పై వరసలో కాన్పు రెండో తేదీ, కింది వరసలో నాలుగో తేదీ. మధ్యది మూడే కావాలి. అది చూపించింది. తర్వాత అదే వారం ప్రసూతి వార్డు నర్సులు రాసిన డ్యూటీ పుస్తకం తీసింది. అందులోనూ మూడో తేదీ తెల్లవారుజామున మాలకొండమ్మ పేరుంది. కామాక్షయ్య రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. నీటిచార మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదంతా మీరే ఆరబెట్టినారా?"

"నేనూ, మా స్వీపరమ్మా."

అతను సరిపోల్చానని నోటు రాసి, కొత్త నకలు చేర్చి, ఫైలు పైకి పంపాడు. అయినా విచారణలు, సంతకాలు అయ్యేసరికి ఎనిమిది రోజులు పట్టింది. జనన ధ్రువపత్రం ఇరవై ఐదో తారీకు సాయంత్రం చేతికొచ్చింది. ఆధార్ మారడానికి వ్యవధి లేదు. ఉష ఆ పత్రంతోనే పరిశీలనకు వెళ్లింది. వాళ్లు తీసుకున్నారు గానీ, ఆధార్ మారేదాకా నియామక ఉత్తర్వు ఆపారు. ఆమె బ్యాచ్ వాళ్లంతా చేరిన నెలన్నరకు గానీ ఆమె చేరలేకపోయింది. సీనియారిటీలో ఆ నెలన్నర ఇక ఎప్పటికీ వెనకే. ఆ సంగతి ఫోన్‌లో చెప్పి, "చేరినాను" అని ఉష ఫోను పెట్టేసింది.

సంస్థ జవాబు డిసెంబరులో వచ్చింది. తెలిసీ వాడినందుకు మందలింపు ఆమె రికార్డులో ఉంటుంది. చివరి రాతపరీక్ష మళ్లీ రాయాలి. బెన్హర్ గారు "చూశావా, నిజం చెప్పినందుకు ఇచ్చిన బహుమతి" అన్నారు. ఆమెకు మాత్రం ఎందుకో ఊపిరి తేలికైంది. తను చేసిన దానికి తగిన జవాబే వచ్చిందనిపించింది.

మార్చిలో చెన్నై వెళ్లి పరీక్ష రాసింది. మొదటిసారి తప్పింది. తన ఆసుపత్రి గురించే రాసింది తప్ప అడిగిన ప్రశ్నకు రాయలేదని తర్వాత ఆలోచిస్తే తనకే అర్థమైంది. రెండోసారికి సొంత గొడవ పక్కనపెట్టి చదివింది. జూన్‌లో పేరు మళ్లీ జాబితాలోకి ఎక్కింది.

జూలైలో ఒకరోజు మాలకొండమ్మ ఆసుపత్రికి వచ్చింది.

"నీ పేరు ఎనక అచ్చరాలు మళ్లీ వచ్చినాయంట గదా. ఉష చెప్పింది."

"ఉష చెప్పిందా?"

"కంప్యూటర్లో చూసిందంట. అదట్టా ఉంచు. నాకూ వయసు కాగితం ఒకటి రాసియ్యమ్మా. నేనెప్పుడు పుట్టినానో ఏ కార్డులో చూసినా ఒక్కో రకంగా ఉండాది."

"నువ్వు ఎక్కడ పుట్టావమ్మా?"

"పాలెంలోనే. మా అవ్వ పురుడు పోసింది."

"అయితే మా పుస్తకాల్లో నువ్వు లేవు. లేనిది నేను రాయలేను."

"అచ్చరాలు వచ్చినా?"

"వచ్చినా."

మాలకొండమ్మ నిరాశగా లేవబోయింది. వనజాక్షి ఆమెను కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం తీసుకుంది.

"బడికి పోయావా?"

"రెండో తరగతి దాకా. పాలెం బళ్లోనే."

"చేర్చుకునేటప్పుడు బడి రిజిస్టర్లో వయసు రాసుంటారు. నిన్ను బళ్లో చేర్పించింది ఎవరు? అయ్యవారి పేరు గుర్తుందా?"

మాలకొండమ్మ కళ్లు చికిలించి గుర్తు తెచ్చుకోసాగింది. వనజాక్షి కలం మూత తీసి, వినడానికి ముందుకు వంగింది.