కాలితో ఎత్తే జాకీ

దగ్గరకు జరగండి పిల్లలూ, ఆ గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ఇటు రండి. గట్టిగా అరిచి చెప్పే ముచ్చట కాదిది. ఎద్దు బతికిందని ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే సగంలోనే కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటారు, నాకు కథ సాగదు.

ఎనభై ఆరో, ఎనభై ఏడో సంవత్సరం. ఎడపల్లి పక్క ఊళ్లో భూమన్న, అతని భార్య శంకరమ్మ రెండెకరాల చెరకు వేశారు. రుద్రూర్ ఫారం నుంచి తెచ్చిన కొత్త విత్తనం. గడ ఒక్కొక్కటి మణికట్టంత లావు, బరువంటే బరువు. ఆ చెరకు నిండా వేసుకుని బోధన్ ఫ్యాక్టరీకి పోతుంటే, కాలువ నీళ్లు పొర్లి రోడ్డంచు నానిన చోట బండి ఎడమ చక్రం ఊడింది. ఊడిన చక్రం తన దారిన తాను దొర్లుకుంటూ పోయి తుమ్మ చెట్టు కింద పడుకుంది. బండి ఒరిగి బురదలో కూలబడింది. దాని కింద మైలగాడి వెనక కాలు ఇరుక్కుంది.

మైలగాడంటే వాళ్ల ఎడమ ఎద్దు. దూడగా ఉన్నప్పుడే తల్లి పోతే, శంకరమ్మ బీడీలు చుట్టుకుంటూ దాని మూతిని ఒళ్లో పెట్టుకుని గంజి తాగించి పెంచింది. తునికాకు నమిలే అలవాటు దానికి అప్పుడే పట్టింది. ఇప్పుడు అది నాలుక బయటపెట్టి పడి ఉంటే, ఆమె దాని తల పట్టుకుని బురదలోనే కూర్చుంది.

వెనక బండ్లవాళ్లు వచ్చి చెరకు దించుదామన్నారు. పది గడలు లాగారో లేదో, బరువంతా ముందుకొచ్చి చట్రం ఇంకో వేలు దిగింది. మైలగాడి అరుపుకు అందరి చేతులూ ఆగిపోయాయి.

ఒక లారీ డ్రైవరు దిగి తన జాకీ తెచ్చాడు. సీసాలా నిలబడే రకం, జానెడు పైనే ఎత్తు. చట్రానికీ బురదకూ మధ్య సందు చూస్తే నాలుగు వేళ్లు. అడుగున గుంత తవ్వితే జాకీ దూరుతుంది కానీ, పక్కనే ఉన్న కాలు ఇంకా కూరుకుపోతుంది.

అప్పుడు వెనక ట్రాక్టర్ నడిపే దేవిదాస్ దిగివచ్చాడు. అతని వెనక చెరకు బండ్లు అర మైలు దాకా నిలిచిపోయాయి.

“గది సాలదే. నా కాడ పది టన్నులు ఎత్తేదున్నది,” అని తెచ్చాడు. అది మూరెడుంది.

“టన్నులు సరే, దూరేదెట్ల?” అన్నాడు భూమన్న. “జర లేవు బిడ్డా, జాకీ పెడ్తం అని ఎద్దును అడుగుదమా?”

ఎవరికీ నవ్వు రాలేదు. దేవిదాస్ గొంతు తగ్గించాడు.

“అన్నా, ఒక మాట అంట, కోపం జేయకు. గొలుసు ఏసి గుంజేద్దం. గింతమంది చెరకు ఎండుతున్నది.”

“గుంజితె కాలు ఉంటదా? కాలిరిగిన ఎద్దు ఎటు పోతదో నీకెరుక లేదా?”

“ఎరుకనే. మరేం జేద్దమంటవ్?”

భూమన్న తలపాగ విప్పి మళ్లీ చుట్టాడు. ఇరవై ఏళ్ల కాపురంలో శంకరమ్మకు ఆ తీరు తెలుసు. ఆయన ఊఁ అనబోతున్నాడు.

ఆమె మళ్లీ ఆ నాలుగు వేళ్ల సందు వంక చూసింది. ఇంతకంటే తక్కువ సందులోంచి ఎత్తడం ఆ పొద్దున్నే ఎక్కడో చూసింది. ఎక్కడ? సద్ది మూట తెస్తూ రైలు పట్టాలు దాటేటప్పుడు. పట్టా కంకరకు అతుక్కున్నట్టే ఉంటుంది, అయినా పట్టాలు సరిచేసే గ్యాంగువాళ్లు దాన్ని లేపుతున్నారు. వాళ్ల జాకీ పట్టా కిందికి పోలేదు. పక్కన నిలబడి, అడుగున నాలుకలా ఉన్న ఇనుప పాదాన్ని మాత్రం కిందికి చాపింది.

“ఏమయ్యా, గొలుసు ఆపు. నేను జాకీ తెస్త.”

“రెండున్నయి గదా వదినా, ఇంకోటెందుకు?” అన్నాడు దేవిదాస్.

“ఇవి తలకాయతోని ఎత్తేటియి. నాకు కాలుతోని ఎత్తేది కావాలె. గా పట్టాల కాడున్నది. ఒక బీడీ తాగేటంత సేపు ఆగు.”

“పట్టాల కాడికా? కట్ట తాగాలె.”

“కట్టనే తాగు,” అని నడుముకు చెక్కుకున్న బీడీ కట్ట అతని చేతిలో పెట్టి, మెట్ట చెలకలకు అడ్డంపడి పరుగెత్తింది.

గ్యాంగు మేస్త్రీ తుకారాం. మహారాష్ట్ర అంచు మనిషి, నిదానస్తుడు. శంకరమ్మకు ఆయాసంతో మాట సరిగా రాలేదు.

“అన్నా, కాలు... ఎద్దు కాలు... కాలుతోని ఎత్తేది.”

“ఎద్దు కాలుతోని ఏమెత్తుతవ్ అక్కా?”

ఆమె వేలితో జాకీని చూపించి, జరిగింది చెప్పింది.

“అరె, అది సర్కారు సామాను. బయట ఇస్తె నా నౌకరి పోతది.”

శంకరమ్మ కంకర మీదే కూలబడింది.

“ఇయ్యకు అన్నా. నువ్వే పట్టుకొని రా. నీ చేతులకెల్లి కింద పెట్టకు.”

తుకారాం పట్టాల వెంట అటూ ఇటూ చూశాడు. “ప్యాసింజర్ పోయింది. మళ్ల రైలుకు ఇంకా టైమున్నది,” అని తనకు తానే చెప్పుకున్నాడు. “నా చేతిల ఉంటె ఇచ్చినట్టు గాదు గద.” జాకీని భుజాన వేసుకున్నాడు. ఇంకో మనిషి గడ్డపార, ఒక చెక్క దిమ్మె పట్టుకున్నాడు.

వాళ్లు వచ్చేసరికి దేవిదాస్ మూడో బీడీలో ఉన్నాడు. తుకారాం నేరుగా బండి దగ్గరకు పోయాడు. ఎద్దు కాలికి దూరంగా, చట్రానికి బయటవైపు బురద గీకి, దిమ్మె పరిచి, దాని మీద జాకీ నిలబెట్టాడు. నాలుకను సందులోకి చాపాడు. గడ్డపార దూర్చి కిందికి నొక్కాడు.

టక్.

“జాకీ పన్ను పట్టింది. ఇగ ఎనకకు రాదు,” అన్నాడు.

టక్. టక్. పిడికిలి దూరేంత లేచింది. లేచినకొద్దీ భూమన్న చట్రం కింద రాళ్లు పేరుస్తున్నాడు. ఇంకో నాలుగు నొక్కులకు బురద చప్పరించినట్టు శబ్దం చేసి కాలిని వదిలింది. ఇద్దరు పట్టి మెల్లగా బయటికి తీశారు.

భూమన్న మోకాలి నుంచి గిట్ట దాకా వేళ్లతో నొక్కుకుంటూ వచ్చాడు. మళ్లీ పైకి పోయి, మళ్లీ వచ్చాడు.

“తోలు లేసింది గంతే,” అన్నాడు. “బొక్క ఇరగలే.”

అయినా మైలగాడు లేవలేదు.

“దీన్ని గూడ జాకీతోనే లేపాల్నా అక్కా?” అన్నాడు తుకారాం.

అప్పుడు వచ్చింది అందరికీ నవ్వు, అంతసేపు ఆగిన నవ్వు. ఆ నవ్వులోనే ఎద్దు ముందు కాళ్లు కూడదీసుకుని మూడు కాళ్ల మీద లేచింది. వణుకుతూ నాలుగోది ఆనించింది. ఆనించి, దేవిదాస్ చెప్పుల మీద చిందేలా ధారగా ఉచ్చ పోసింది. దేవిదాస్ కదిలితే ఒట్టు. “పొయ్ బిడ్డా, పొయ్,” అన్నాడు. శంకరమ్మ ఎద్దు మెడ మీద వాలి అప్పుడు ఏడ్చింది, హాయిగా.

తేరుకుని మంచినీళ్లు ఇద్దామని తిరిగి చూస్తే తుకారాం లేడు. జాకీ భుజాన వేసుకుని, చెలకల అవతల పట్టాల వైపు పరుగెత్తుతున్నాడు.

ఇదీ సంగతి. చాలామంది ఎవరో రైలువాళ్లు వచ్చి లేపారని చెప్పి ఊరుకుంటారు. మీరు అలా చెప్పకండి. ఆయన పేరు తుకారాం, గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పేరు పెట్టి చెప్పండి, నీళ్లయినా తాగకుండా పోయాడని కూడా చెప్పండి.