వరస మారిన సైనికుడు

పార్కు సగం ఊడ్చడం అయింది. పెద్దమ్మ పాత ఫిరంగి చుట్టూ రాలిన ఆకుల్ని కుప్ప చేసి, నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. కొత్తగా చేరిన అమ్మాయి బెంచీల కింద చిత్తుకాగితాలు ఏరుతోంది. రేపటినుంచి ఈ పార్కు ఊడ్చేది ఆ అమ్మాయే. పెద్దమ్మ మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి.

పంపులో నీళ్లెప్పుడొస్తాయో, ఏ గేటు తలుపు ఎత్తిపట్టి మూయాలో అన్నీ చెప్పేసింది. ఒక్కటే మిగిలింది. అది నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

మధ్యలో, దిమ్మె మీద, కంచు సైనికుడు. ఎప్పటిదో యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు దిమ్మె నిండా ఉన్నాయి గానీ, పైనున్నవాడు ఎవరో ఎవరికీ తెలియదు. మీసాలైనా సరిగా రాని ముఖం.

పనిలో చేరిన కొత్తలో పెద్దమ్మ వాడికంటే చిన్నది. పావురాల రెట్ట కడుగుతూ, "కళ్లు మూసుకో అన్నయ్యా" అనేది. ఇద్దరు పిల్లల తల్లయ్యేసరికి అన్నయ్య కాస్తా తమ్ముడయ్యాడు. పెద్దాడికి గొంతు మారాక కొడుకయ్యాడు. "మొన్నటిదాకా నాకు బావ, నిన్న బావమరిది, ఇప్పుడు కొడుకంటున్నావు. తిండి పెట్టక్కర్లేని చుట్టం, ఎలా పిలిచినా నష్టం లేదులే" అని మొగుడు ఆటపట్టించేవాడు. ఆయనా పోయాడు. ఇప్పుడు వీడు మనవడు. ఎదగాల్సిన వయసులో ఆపేశారు పాపం, అని పెద్దమ్మకు రోజూ అనిపిస్తుంది.

ఈమధ్య స్టూలు ఎక్కలేకపోతోంది. పైపుతో నీళ్లు కొట్టండి చాలు, అన్నాడు మేస్త్రి. పైపుతో కొడితే కళ్ల మూలల్లో మురికి పోదు. తను వెళ్లిపోతే వీణ్ణి చేత్తో ముట్టుకునేవాళ్లుండరని పొద్దుటినుంచీ ఒకటే దిగులు.

"అమ్మాయ్," అంది చివరికి. "వీడి ముఖం కాస్త చేత్తో కడగాలి. నీకు చాదస్తంలా ఉంటుందేమో."

"బొమ్మకి స్నానమేంటి పెద్దమ్మా?" అమ్మాయి నవ్వింది.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. బకెట్టు తనే ఎత్తబోయింది. అమ్మాయి నవ్వు ఆపి, బకెట్టు అందుకుని స్టూలెక్కింది. నుదురు కడిగింది. కనురెప్పల సందుల్లో వేలితో రుద్దింది. కాసేపటికి తల వంచి చూసి, "చెవి వెనకాల ఎవరూ తోమినట్టు లేదే," అంది.

"నాకు అందేది కాదు తల్లీ," అంది పెద్దమ్మ.

"ఇంతకీ ఏమని పిలవాలి ఈయన్ని?"

"నీకింకా అన్నయ్యే. ఆ తర్వాత వరస దానంతటదే మారుతుందిలే."

పొద్దు వాలాక పెద్దమ్మ గేటు దాటింది. వెనక్కి చూస్తే కాళ్లు కదలవని తెలిసి చూడలేదు.

"పెద్దమ్మా, నీ తువ్వాలు," అని లోపలినుంచి కేక.

"ఉండనీవే. రేపు మళ్లీ కావాలిగా."

సైనికుడి తుపాకీ కొసన, అన్నయ్య ముఖం తుడిచి ఆరేసిన పాత తువ్వాలు ఇంకా తడిగానే వేలాడుతోంది.