చాంద్‌బీకి కాగితం గంప

ఉదయగిరి కొండ కింద ఆ వీధి నుంచి అత్తారింటికి వెళ్లిన ప్రతి ఆడపిల్లా లిదియమ్మ చేసిన కాగితం గంప చంకన పెట్టుకొనే బస్సెక్కింది. పాత కాగితాలు కుండీలో నానేసి, మెంతులు కలిపి మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన బిందె మీద అద్ది ఎండబెట్టేది. కొని ఇచ్చేది ఎవరైనా ఇస్తారు, చేసి ఇచ్చేదే గుర్తుంటుందని ఆమె వాదన. కొనే స్తోమత లేదని మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు.

డెబ్బై ఎనిమిదిలో పక్కింటి చాంద్‌బీకి ఆత్మకూరు సంబంధం కుదిరింది. తల్లి పోయాక ఆ పిల్ల సగం లిదియమ్మ వంటింట్లోనే పెరిగింది. అందుకని ఈ గంప అన్నిటికంటే పెద్దదిగా ఉండాలనుకుంది లిదియమ్మ. ఇంట్లో కాగితాలు చాలలేదు. "మీ ఇంట్లో పాతవి ఏమన్నా ఉంటే ఇయ్యి పాపా" అని అడిగితే, చాంద్‌బీ చూరుకు వేలాడే సంచి దించి ఇచ్చింది. అన్నీ ఉర్దూ కాగితాలు. లిదియమ్మకు తెలుగు తప్ప మరో అక్షరం రాదు. చించింది, నానేసింది, రుబ్బింది.

గంప ఎండింది. పెళ్లి దగ్గరికొచ్చింది. లిదియమ్మ అంచుకు రంగు కాగితం అంటిస్తుండగా గోడ అవతల బషీరున్నీసా గొంతు వినబడింది. ఆమె చాంద్‌బీ నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు.

"చూరుకు కట్టిన సంచి ఏమైందే? అల్లా పేరుండే కాగితాలవి. కాళ్ల కింద పడకూడదని ఏరి పెట్టినాను. సంగం పొయ్యేవాళ్లు దొరికితే పెన్నలో కలపమందామనుకుంటి."

ఆ సంచి ఎందుకు కట్టిందో చాంద్‌బీకీ అప్పుడే తెలిసింది. ఇవతల లిదియమ్మ చేతిలో జిగురు గిన్నె అలాగే ఉండిపోయింది. తన బైబిలు మీద కళ్లజోడు పెట్టినా ఒప్పుకోని మనిషి, పక్కింటివాళ్ల దేవుడి పేరు రోట్లో వేసి రుబ్బింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తెలియకపోతే రేపు ఆత్మకూరులో ఆ గంపలో ఉల్లిపాయలు పోస్తారు. చెబితే ఇన్నేళ్ల ఇరుగుపొరుగు ఇంతటితో సరి. భయపడుతూనే గంప పట్టుకుని గడప దాటింది.

"అక్కా, ఆ కాగితాలు ఇందులో ఉండాయి. తెలియక చేసినాను. పాపను ఏమీ అనబాక, అడిగింది నేనే."

బషీరున్నీసా గంపను అందుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"నానేసిన నీళ్లు యాడ పోసినావు?"

లిదియమ్మకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు.

"నిమ్మచెట్టు మొదట్లో. కాలవలో పారబోస్తానా అక్కా, నీళ్లకు ఇంత కటకటగా ఉండే ఊర్లో?"

ముసలామె ముఖం తేటపడింది. "నేను కలపమందామనుకునిందీ నీళ్లలోనే గదా. మురికిలో పోయలేదు, చాలు. నువ్వు గడగడ వణకబాక, కూర్చో."

లోపలికి వెళ్లి, మనవరాలితో పంపాలని పట్టుగుడ్డలో చుట్టి ఉంచిన ఖురాన్ తెచ్చింది. దాన్ని గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి, గంపను గూట్లో పైఅరలో ఉంచింది.

"ఇంకేందీ దీంట్లో పెట్టకూడదు" అంది చాంద్‌బీతో.

లిదియమ్మకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

పెళ్లయి ఆత్మకూరు బస్సెక్కేటప్పుడు చాంద్‌బీ ఆ గంపను చంకన పెట్టుకోలేదు. రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఎక్కింది. వీధిలో ఆడవాళ్లు అది చూసి, పిల్లకు లిదియమ్మ మీద ఎంత ప్రేమో అనుకున్నారు. అదీ నిజమే.

లిదియమ్మ మాత్రం ఆ రోజు నుంచి నిమ్మచెట్టు మొదట్లో అంట్లు కడిగిన నీళ్లు పోయలేదు. బావి నుంచి మంచినీళ్లు విడిగా మోసుకొచ్చి పోసేది.