గెడ్డ నీళ్ళు తాగిన గేరుబాక్సు

నేను ఒక ఇనుప గదిని. గది అన్నాను కదా అని తలుపులూ కిటికీలూ వెతకకండి. పాత జీపులో డ్రైవరు కాళ్ళ దగ్గర, నేలరేకు కింద, ఇంజను వెనకాల వేలాడుతూ ఉంటాను. నా నడినెత్తి మీద ఒక ఇనుప కర్ర మొలిచి ఉంటుంది. దాన్ని పట్టుకుని మీరు ఇటూ అటూ కదిపి, గేరు మార్చామంటారు. మార్చేది నేను, పేరు మీది.

నా లోపలంతా చీకటి. ఆ చీకట్లో పళ్ళ చక్రాలు నూనెలో సగం మునిగి తిరుగుతుంటాయి. ఇంజను తొందర మనిషి. చక్రం నిదానం మనిషి. ఇద్దరికీ పొసగదు. వాళ్ళ మధ్య కూర్చుని, ఒకరి వేగాన్ని రెండోవారి బలంగా మార్చి సర్దుబాటు చేసే పెద్దమనిషిని నేను.

పడమటి దిక్కున ఒక పెద్ద నగరంలో, కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి నన్ను చేశారు. అప్పుడు నేను పొద్దుపొడుపు రంగులో ఉన్నాను. చల్లారాక బూడిద రంగుకొచ్చాను. ఎవరో ఒకాయన నాలో చక్రాలను జతకూర్చి, వేలితో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. మెచ్చినట్టు తలాడించి మూత బిగించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు నేను వెలుతురు చూడలేదు.

వెలుతురు లేకపోయినా మనుషులు తెలుస్తారు, కర్ర మీద పడే చేతిని బట్టి. మొదట నన్ను నడిపిన సర్కారు డ్రైవరుది పెరుగు తోడేసే చెయ్యి. ఎప్పుడు గేరు పడిందో నాకే తెలిసేది కాదు. వేలంలో నన్ను కొన్న కాఫీతోట యజమాని మాత్రం క్లచ్చు సగమే తొక్కి, ఎద్దు తోక మెలిపెట్టినట్టు కర్రను లాగేవాడు. నా రెండో గేరు పళ్ళ అంచులు అరిగింది ఆయన హయాంలోనే. అరగదీసింది తానే అయినా, "ఈ బండికి పొగరెక్కువ" అని నన్నే తిట్టేవాడు.

ఆయన దగ్గర్నుంచి గెమ్మెలి గుండన్న చేతికొచ్చాను. అప్పుడే నాకు అసలైన కొండ అంటే ఏమిటో తెలిసింది.

గుండన్నది మన్యంలో దబ్బగరువు అనే చిన్న ఊరు. కింది సంత నుంచి అక్కడికి రాళ్ళదారి ఒక్కటే. మరే బండీ ఆ దారి ఎక్కదు. జీపులో అల్లం బస్తాలు, ఉప్పు, సిమెంటు రేకులు, మేకలు. వాటి మీద మనుషులు, మనుషుల మీద పిల్లలు. చీపురుకొండ మలుపు దగ్గర గుండన్న రెండో గేరు వేసేవాడు. ఆ క్షణాన ఆ బరువంతా వచ్చి గోరంత పంటి మీద నిలబడేది. అది తప్పుకునేలోగా ఇంకో పన్ను వచ్చి అందుకునేది. ఆ తర్వాత ఇంకోటి. ఒక ఊరు ఊరంతా అలా పంటి మీంచి పంటి మీదికి మారుతూ కొండెక్కడం చూసి, నేనే ఎన్నోసార్లు ఆశ్చర్యపోయాను.

అలాంటి నాకు దసరా నాడు జబ్బు చేసింది.

మొదట ఒక సన్నటి ఏడుపు. తర్వాత గరగర. చివరికి ఎక్కుడులో రెండో గేరు దానంతటదే ఊడిపోవడం మొదలైంది. గేరు ఊడితే జీపు వెనక్కి దొర్లుతుంది. అందుకని ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు రెండు చేతులతో కర్రను అదిమి పట్టుకోవాలన్నది ఊళ్ళో ఆచారమైపోయింది. ఒకరోజు పట్టుకున్నాయనకు తుమ్మొచ్చింది. జీపు లోయ అంచు దాకా దొర్లి, ఒక బండకు తగిలి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, మర్నాటి నుంచి జనం నడిచే వెళ్ళడం మొదలుపెట్టారు.

గుండన్నకు ఇంకో బతుకుదెరువు లేదు. విశాఖలో ఒక లారీ యజమాని డ్రైవరు కావాలని కబురు చేశాడు. సంతరోజు సాయంత్రంలోగా ఏ మాటా చెప్పకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు. లారీ ఎక్కితే జీపు తుక్కులోకి, భార్య చిలకమ్మ ఒంటరిగా ఇంట్లోకి, దబ్బగరువు మళ్ళీ కాలినడకలోకి. చిలకమ్మ ఒకటే మాట అంది. "ఎల్దువు గాని, ముందు దీని కడుపులో ఏటుందో సూపించు మావా."

సంతరోజు పొద్దున్నే ఇద్దరూ జీపును మెల్లగా కొండ దింపి, సంత పక్కన ఎర్నాయుడి రేకుల కొట్టుకు తెచ్చారు. ఎర్నాయుడు ముసలి మెకానిక్కు. ఆయనకు నోరు పెద్దది, పని నిదానం. గుండన్న కిందికి దూరి నా అడుగు బిరడాకు స్పానరు పెట్టగానే ఆయన కాలితో తన్నాడు.

"అది కాదురా గుండా. ముందు పక్కన పోసే బిరడా ఇప్పు."

"నూనె దించాలంటే కిందది గదా, నాయుడు బావూ?"

"కిందది దించేసినాక పైది మొండికేసిందనుకో. అప్పుడేటి సేస్తావు? మంత్రమేసి పోస్తావా?"

ఆయన అన్నట్టే పక్క బిరడా మొండికేసింది. కిరసనాయిలు గుడ్డ చుట్టి, సుత్తితో చుట్టూ సుతారంగా తట్టి, గుండన్న స్పానరుకు గొట్టం తగిలించి వేలాడితే, కీచుమని అరిచి కదిలింది. అప్పుడు అడుగు బిరడా తీశారు. కొండ దిగి వచ్చిన వేడి మీద ఉన్నాను. నా కడుపులోది ధారగా బేసినులో పడింది. నల్లగా పడాల్సిన నూనె లేత గోధుమ రంగులో, నురగతో పడింది.

"ఇదేట్రా, టీ కాసినావు!"

"పంచదార మరిసిపోనాను బావూ," అన్నాడు గుండన్న. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఎర్నాయుడు వేలు ముంచి రాసి చూశాడు. "నీరు. దసరాకి బండెక్కడ కడిగినావు?"

"గెడ్డలో. ఆయుధపూజ గదా. అమ్మోరికి దణ్ణం పెట్టుకుని, ఇరుసులు మునిగీదాకా దించి తోమినాను."

"సంత నుంచొచ్చి అలాగే దించీసినావా? సల్లారనివ్వలేదా?"

"పొద్దు పోతందని…"

"అదీ. కాలిన పెనం నీట్లో పెడితే సుయ్యంటాది. ఇది గుటకేస్తాది. లోపలి వేడిగాలి ముడుసుకుని, ఆ సోటుకి సందుల్లోంచి నీరు లాగీసుకుంటాది. ఎంత బత్తిగా ముంచినావో అంత తాగింది."

ఆ గుటక నాకు గుర్తుంది. చుట్టూ పసుపు వాసన, బంతిపూల దండ, చల్లటి వాగు నీళ్ళు. తీర్థం అనుకుని తాగాను.

నేలరేకు విప్పి నా మూత ఎత్తారు. ఎన్నో ఏళ్ళ తర్వాత వెలుతురు నిలువుగా నాలోకి దిగింది. పైన ఆకాశం, ఆకాశానికి అడ్డంగా మూడు ముఖాలు. ఎండ పడి నా పళ్ళన్నీ ఒక్కసారి మెరిశాయి. ఇంత మెరుపు నాలో ఉందని నాకూ తెలియదు. సంత గోల మధ్య ఆ ముగ్గురూ తలలు ఆనించి లోపలికి వంగారు.

"ఇంతింతేనా మావా?" అంది చిలకమ్మ గుసగుసగా. "ఇయ్యేనా మనందర్నీ మోసినాయి?"

ఒక పంటి మీద వేలు పెట్టి, కత్తి పదును చూసినట్టు చూసి, చటుక్కున తీసేసింది.

ఎర్నాయుడు షాఫ్టు పట్టుకుని ఊపాడు. టకటక చప్పుడైంది. వెనకవైపు బేరింగు తుప్పు పట్టి వదులైపోయింది. "ఇది ఆడుతుంటే గేరు ఊడక ఏటి సేస్తాది? పళ్ళు అరిగినాయి గాని సావనేదు." కొట్టు వెనక పడున్న ఒక చచ్చిన జీపులోంచి మంచి బేరింగు తెచ్చి, మధ్యాహ్నం దాకా శ్రమపడి ఎక్కించాడు. డీజిలుతో నన్ను కడిగాడు. మడ్డి చుక్కచుక్కగా కారిపోయేదాకా ఎండలో నోరు తెరిచి ఉంచాడు.

"నిలుస్తాదా బావూ?" అడిగాడు గుండన్న.

"కొండనడుగు. నానేటి సెప్పగలను?"

మూత పడింది. చీకటి మళ్ళీ వచ్చింది. తర్వాత పక్క కంత గుండా గొట్టం పెట్టి కొత్త నూనె పోశారు. పట్టుతేనెలాంటి చిక్కదనం, గంధకం లాంటి ఘాటు. పంటి నుంచి పంటికి మెల్లగా పాకింది. కంత అంచుకొచ్చి బయటికి ఒలికింది. "సాలు," అన్నాడు ఎర్నాయుడు. "నిండినాక వొద్దని అదే సెప్తాది. పెళ్ళిభోజనాల కాడ మన నాయుళ్ళకే ఆ తెలివి నేదు."

సాయంత్రం జీపు నిండా బస్తాలు వేసుకున్నారు. మనుషులు మాత్రం ఎక్కలేదు. "నువ్వు పద గుండా, మేం ఎనకాల వొస్తాం," అని తలా ఒక రాయి చేతబట్టుకుని నడిచారు, దొర్లితే చక్రాల కింద వేయడానికి. ఎక్కింది చిలకమ్మా, కొర్రా దేవుడమ్మ అనే ముసలావిడా. దేవుడమ్మ నడవలేదు. ఎక్కుతూనే రెండు చేతులతో నా కర్రను మెడ పిసికినట్టు పట్టుకుంది.

చీపురుకొండ మలుపు వచ్చింది. రెండో గేరు పడింది. ఒక పన్ను అందుకుంది. ఇంకోటి అందుకుంది. ఇంజను అరుస్తోంది, కొండ వెనక్కి లాగుతోంది, ఆ రెండింటి మధ్య నేను. షాఫ్టు ఊగలేదు. చుట్టూ నూనె పల్చటి పొరలా పట్టుకుని, ఇనుముకూ ఇనుముకూ మధ్య వెంట్రుకవాసి చోటు కాపాడుతోంది. అంత బరువూ ఆ వెంట్రుకవాసి మీద కొండెక్కుతోంది.

"అత్తా, సేతులు తియ్యి," అన్నాడు గుండన్న.

"తియ్యను. లోయలో పారేస్తావు."

"ఒక్కపాలి తియ్యత్తా!"

ఆవిడ గట్టిగా అమ్మోరిని తలచుకుని చేతులెత్తి దణ్ణం పెట్టింది. కర్ర వణికింది గాని గేరు ఊడలేదు.

వెనక నేల మీద దబ్బున ఎవరో చేతిలో రాయి పడేసిన చప్పుడు. ఇంకోటి. ఆ వెనక వరసగా చాలా. తర్వాత పరిగెత్తే కాళ్ళ చప్పుడు. "ఆపరా గుండా, మేవూ ఎక్కుతాం!"

"ఎక్కుట్లో ఆపితే కదలదు! పైకొచ్చి ఎక్కండి!" అని గుండన్న అరిచాడు.

కొండపైన బండి ఆపాడు. విశాఖ నుంచి లారీ యజమాని ఫోను మోగింది, కొండదారిలో సిగ్నలు అక్కడే అందుతుంది. "లేదండి బావూ, నాకీడ పనుంది. ఇంకోన్ని సూసుకోండి," అన్నాడు. చిలకమ్మ జీపు కిందికి దూరి, పిల్లకు చూసినట్టు నా పొట్టకు అరచెయ్యి ఆనించింది.

"నులివెచ్చగుంది మావా. జరం నేదు."

ఈలోగా నడిచొచ్చినవాళ్ళంతా రొప్పుతూ చేరుకున్నారు. అక్కణ్ణుంచి దబ్బగరువు కూతవేటు దూరం, అదీ చదునైన దారి. అయినా బస్తాల మీదా, బానెట్టు మీదా, ఒకరి ఒళ్ళో ఒకరూ, అందరూ ఎక్కి కూర్చున్నారు.

నేను మొదటి గేరులో పడ్డాను.