ముక్కాలు బల్ల

పాకాలలో ఏకాంబరాచారి తన పెరట్లోనే తరిమెన పెట్టుకున్న కొత్త. ఇంటికి కరెంటు లేదు. భార్య దేవకమ్మ తాడు లాగితే కొయ్య తిరుగుతుంది, ఆయన ఉలి ఆనిస్తాడు. కోపమొస్తే ఆమె తాడు వదిలేస్తుంది. అందుకే పనున్న రోజుల్లో ఆ మొగుడి నోరు అదుపులో ఉండేది.

మొదటి పని తెచ్చింది నగరి నుంచి వచ్చి స్థిరపడిన మునిరత్నమ్మ. చనిపోయిన భర్త మగ్గం దూలాన్ని బండిలో వేయించుకొచ్చింది.

"కుట్టుమిషను పెట్టుకోను బల్ల గావల్లప్పా. పైపలక నా దగ్గిరుండాది. కాళ్లు ఈ కొయ్యతోనే సెయ్యి. ముక్కాలు బల్ల సాలు."

మూడు కాళ్ల బల్లనుకున్నాడు ఏకాంబరం. కొయ్య కూడా మామూలు ఎత్తున సరిగ్గా మూడు కాళ్లకే వచ్చింది, ఇక అనుమానమెందుకు? అద్దంలా నున్నగా తరిమెన పట్టాడు.

మునిరత్నమ్మ వచ్చి చూసింది. "నాలుగోది యాడప్పా?"

"ముక్కాలంటివి గదమ్మా!"

ఆమె నెత్తి కొట్టుకుంది. అరవం కలిసిన నగరి మాటలో ముక్కాలంటే ముప్పావు. పీట మీద కూర్చుని కుట్టుకోవడానికి ముప్పావు ఎత్తు బల్ల అడిగింది పాపం.

ఏకాంబరం దూలంలో ఏమైనా మిగిలిందేమోనని వెతికాడు, పొట్టు తప్ప ఏమీ లేదు. కొయ్య ఇంకోటి తేగలడు గానీ ఆ మగ్గాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? "తప్పయిపోయినాదమ్మా" అని తల దించుకున్నాడు. దేవకమ్మకు కూడా మొగుణ్ణి తిట్టాలని తోచలేదంటే చూసుకోండి.

మునిరత్నమ్మ కాళ్లను ఒళ్లోకి తీసుకుని తడిమింది, జానతో కొలిచింది.

"ఒక్కోదాంట్లో పావు కోసెయ్." పావన్న మాట ఈసారి ఒత్తి పలికింది. "ఆ మూడు ముక్కలూ అతికితే నాలుగోది కాదా? తెగిన పోగులు అతుక్కుంటానే గదప్పా మేం బతికింది."

ఏకాంబరం మూడు కాళ్ల మీదా పావు దగ్గర గీత గీశాడు. తర్వాత రంపం అందుకున్నాడు. ముక్కల కొసలకు బెజ్జాలు పెట్టి, బంక పూసి, నడుమ కొయ్యచీలలు దిగగొట్టాడు. బంక ఆరాక దేవకమ్మ తాడు లాగింది. అతుకులున్నచోట సన్నగా గాడి తీశాడు. కాలు మిగతా మూడింటితో సరిగ్గా సమానంగా వచ్చింది.

బల్ల నిలబెట్టి, అతుకుల కాలు గోడవైపు తిప్పబోయాడు. మునిరత్నమ్మ ఆపింది.

"అది నా పక్కకే ఉండనీ. మిషను తిప్పేటప్పుడు సేతికి తగల్తాంటాది."

ఏకాంబరం కళ్లు చెమర్చాయి. "నువ్వు తిట్టిపోసుంటే ఈ తరిమెన ఎత్తి పొయ్యిలో పెట్టుందునమ్మా. నా పని నిలబెట్టినావు" అంటూ రెండు చేతులూ జోడించాడు.

"ఆయన మగ్గాన్ని నువ్వు నిలబెట్టలేదా?" అని మునిరత్నమ్మ ఆ కాలి మీద చెయ్యి వేసింది.