జైసింగ్ పక్కన కూర్చున్నవాడు

జైసింగ్ చనిపోయిన రోజు కాలేజీలో ఏ పాఠమూ ఆగలేదు. హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లినప్పుడు జ్వరం వచ్చిందట, దవాఖానలో పోయాడట. మర్నాడు ఆ కబురు రజిత మేడమ్ క్లాసులో చెబితే, "గా చివరి బెంచీ పిలగాడా మేడమ్?" అని అడిగారు పిల్లలు.

క్లాసులో జనగామ బజారు పిల్లలు ముందు, పల్లెల నుంచి వచ్చేవాళ్లు నడుమ, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు వెనక. తండా నుంచి వచ్చినవాడు జైసింగ్ ఒక్కడే. గోడవార బెంచీ అతనిది. మొదటి ఏడు రజిత అందరినీ కలిపి కూర్చోబెట్టి చూసింది. ఇద్దరు తండ్రులు వచ్చి మర్యాదగానే మాట్లాడి వెళ్లారు. మర్నాడు ఎవరి చోటికి వాళ్లు చేరుకుంటే ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఇప్పుడు కొందరిని వెంటబెట్టుకుని గూడూరు దగ్గరి తండాకు పరామర్శకు వెళ్లింది. తల్లి సోమ్లీ చెంబుతో నీళ్లిచ్చింది. పిల్లలు సంచుల్లోంచి తమ సీసాలు తీసుకున్నారు. సోమ్లీ ధ్యాస నీళ్ల మీద లేదు.

"మీల ఆకాష్ ఎవరు నాయినా?"

బట్టల దుకాణం వాళ్లబ్బాయి ఆకాష్ బిత్తరపోయాడు. క్లాసులో ఆ పేరు అతనొక్కడిదే.

"ఫోన్ల ఎప్పుడు నీ ముచ్చటే చెప్తుండె. ఒక్క బెంచీల కూసుంటమన్నడు. నేను కట్టిచ్చిన జొన్నరొట్టె నీకు మస్తు ఇష్టమట గద?"

ఆకాష్ మేడమ్ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. తాను కూర్చలేకపోయిన క్లాసును జైసింగ్ తల్లి కోసం మాటలతో కూర్చుకున్నాడు.

"అవును అవ్వా," అన్నాడు ఆకాష్ చివరికి.

సోమ్లీ అతని చెంపలు తడిమి గొల్లుమంది. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆమె కంట నీరు రాలేదని పక్కింటావిడ చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముందు బెంచీ అభిలాష్ అందుకున్నాడు. "ఏందిరా, గంత దోస్తానా ఎప్పుడాయె? రొట్టెల మాకు జర ముక్కన్న పెట్టకపోతివి."

అందరూ నవ్వారు. ఆకాష్ కూడా నవ్వి, కిటికీ వైపు తిరిగాడు. మందలించబోయిన రజిత మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది.

దినాలకు తప్పక రమ్మని సోమ్లీ ఆకాష్‌కు కబురు పంపింది. దుకాణంలో పని ఉందన్నాడు అతను. రజిత కూడా వెళ్లలేదు. జైసింగ్‌కు నిజంగా స్నేహితుడనేవాడు ఒక్కడైనా ఉండేవాడా అని ఆమె ఇంతవరకు ఎవరినీ అడగలేదు.